టెక్ సందేహాలు: ఫ్రిజ్‌లో ఏది పెట్టాలో యాప్ చెబుతుందా?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఫ్రిజ్ చుట్టూనే తిరిగాయి. అందుకే మిగతావి పక్కన పెట్టి వీటికే సమాధానాలు ఇస్తున్నాను.

ఏది ఫ్రిజ్‌లో పెట్టాలి, ఏది బయట ఉంచాలి, ఎన్నాళ్లు ఉంచొచ్చు అనేది చెప్పే నమ్మకమైన యాప్ ఏదైనా ఉందా? నెట్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. (విజయవాడ నుంచి ఓ గృహిణి)

ఉందండీ. అమెరికా వ్యవసాయ శాఖ కార్నెల్ యూనివర్సిటీతో కలిసి తయారుచేసిన ‘ఫుడ్‌కీపర్’ ఉచితంగా దొరుకుతుంది. పాలు, గుడ్లు, మాంసం, పండ్లు, కూరగాయలు ఎక్కడ ఉంచితే ఎన్నాళ్లు ఆగుతాయో విడివిడిగా చూపిస్తుంది. కాకపోతే మన దోసెల పిండికీ, గోంగూర పచ్చడికీ అందులో లెక్కలు వెతక్కండి.

దానికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఇలాంటి యాప్‌లలో ‘బయట’ అంటే ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల గది అని అర్థం. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో వంటింట్లో పొయ్యి పక్కన అంత చల్లగా ఎక్కడుంటుంది? అందుకే నెట్‌లో రాసినవాళ్ల వంటింటి సంగతి వదిలేసి ముందు మీ వంటింటి వేడి, మీ ఫ్రిజ్ చలి తెలుసుకోండి. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉండాలి. డయల్ మీద ఉండే 1 నుంచి 7 అంకెలు డిగ్రీలు కావు. మామూలు ఫ్రిజ్‌లలో అంకె పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది. ఈ ఒక్కటీ తెలియక ఎండాకాలంలో ‘1’ మీద పెట్టి, పాలు విరిగిపోతున్నాయని మెకానిక్‌ను పిలిచేవాళ్లు చాలామంది. చవకైన థర్మామీటర్ ఒకటి కొని, గ్లాసు నీళ్లలో వేసి మధ్య అరలో రాత్రంతా ఉంచండి. పొద్దున తలుపు తీయగానే కనిపించేదే మీ ఫ్రిజ్ అసలు ఉష్ణోగ్రత.

వండినవాటి దగ్గర మాత్రం రాజీ పడకండి. అన్నం, పప్పు, కూర ఏదైనా రెండు గంటల్లోపు లోపలికి వెళ్లాలి. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. గిన్నెడు పప్పును అలాగే తోసేయకుండా వెడల్పాటి చిన్న గిన్నెల్లోకి సర్దితే త్వరగా చల్లారుతుంది.

గుడ్లు మన దుకాణాల్లో బయటే ఉంటాయి కాబట్టి ఇంట్లోనూ బయటే ఉంచొచ్చా అంటే, చలికాలంలో కొద్ది రోజులు పరవాలేదు, ఎండాకాలంలో ఫ్రిజ్‌లోనే పెట్టండి. ఒకసారి పెట్టాక మళ్లీ తీసి బయట నిలవ ఉంచకండి. పెంకు మీద చెమట పట్టి, సన్నటి రంధ్రాల గుండా క్రిములు లోపలికి పోతాయి. తలుపులో గుడ్ల కోసం గుంటలు ఉన్నా, ఫ్రిజ్ మొత్తంలో ఎక్కువ వేడెక్కేది తలుపే. అక్కడ సాస్‌లు, నీళ్ల సీసాలు ఉంచి గుడ్లు, పాలు లోపలి అరలోకి మార్చండి.

ఆవకాయకు జాడీయే సరైన చోటు. ఉప్పు, ఆవపిండి, నూనె దాన్ని కాపాడతాయి. తడి గరిటె పెట్టనంత కాలం దానికి ఢోకా లేదు. ఉప్పు తగ్గించి చేసిన పచ్చళ్లు మాత్రం ఫ్రిజ్‌లోకే.

కొత్తగా ‘5 ఇన్ 1 కన్వర్టబుల్’ ఫ్రిజ్ కొన్నాం. ఫ్రీజర్‌ను కూడా ఫ్రిజ్‌గా మార్చుకున్నాం. ఇప్పుడు చోటు బోలెడు ఉంది కదా అని ఉల్లి, బంగాళాదుంప, టమాటా, అరటిపండ్లు అన్నీ లోపలే పెడుతున్నాం. సరైనదేనా? (కరీంనగర్)

చోటు ఉందని పెట్టకూడదు, పెడితే మేలు జరుగుతుందనుకుంటేనే పెట్టాలి. అరటిపండు వేడిదేశపు పంట. 13 డిగ్రీల కన్నా చల్లబడితే దాని కణాలు దెబ్బతిని తొక్క నల్లబడుతుంది. పచ్చి మామిడికాయలను మగ్గకముందే చలిలో పెడితే సరిగా పండవు. మగ్గిన తర్వాత పెట్టుకోండి, ఇంకొన్నాళ్లు ఆగుతాయి. టమాటా చలికి వాసన, రుచి కోల్పోతుంది. అయినా బాగా పండినవి బయట ఒక్క రోజులో చీకిపోయే ఎండల్లో రెండు మూడు రోజులు లోపల పెట్టడమే మంచిది. వండే ముందు కాసేపు బయట ఉంచితే సరి.

బంగాళాదుంపలో పిండి పదార్థం చలికి చక్కెరగా మారుతుంది. అందుకే ఫ్రిజ్‌లోవి వేయిస్తే త్వరగా మాడినట్టు నల్లబడి తియ్యగా ఉంటాయి. ఉల్లికి తేమ పడదు, గాలి తగిలే బుట్టలో ఉంచండి. ఆ రెండింటినీ ఒకే బుట్టలో వేయకండి. కూరగాయల డ్రాయర్‌కు జరిపే చిన్న మీట ఉంటే, ఆకుకూరలకు మూసి, యాపిల్ లాంటి పండ్లకు తెరిచి ఉంచండి. పండ్లు వదిలే ఇథిలీన్ వాయువుకు కొత్తిమీర, పాలకూర త్వరగా పసుపెక్కుతాయి కాబట్టి వాటిని కలిపి పెట్టొద్దు. బొంబాయి రవ్వ, శనగపిండి పురుగు పడుతుంటే గాలి చొరని డబ్బాలో పెట్టి లోపల ఉంచుకోవచ్చు. తీసిన వెంటనే మూత తెరవకండి, చల్లటి పిండి తేమను పీల్చుకుంటుంది.

బ్యాటరీలు ఫ్రిజ్‌లో ఉంచితే ఎక్కువ కాలం వస్తాయా? ఫోన్ కాలిపోతున్నప్పుడు రెండు నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టొచ్చా? (అనంతపురం నుంచి ఇంజినీరింగ్ విద్యార్థి)

బ్యాటరీల సలహా పాత జింక్ కార్బన్ సెల్స్ కాలం నాటిది. వేడికి వాటి చార్జి త్వరగా పడిపోయేది. ఇప్పటి ఆల్కలైన్ సెల్స్ మామూలు గదిలో ఏడాదికి రెండు మూడు శాతం మించి కోల్పోవు. ఆ కాస్త మిగుల్చుకోవడానికి ఫ్రిజ్‌లో పెడితే, బయటికి తీసినప్పుడు పట్టే తేమకు కొసలు తుప్పు పడతాయి. బీరువా అరలో ఎండ తగలని చోటు చాలు.

ఫోన్‌ను మాత్రం దయచేసి పెట్టకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సోడా సీసాకు చెమట పట్టినట్టే ఫోన్‌కూ పడుతుంది, బయటే కాదు, లోపలి బోర్డు మీద కూడా. నీళ్లను తట్టుకునే ఫోన్ అన్నా లోపలి గాలిలోని తేమ ఎక్కడికీ పోదు. చార్జింగ్ తీసేసి, కవర్ విప్పి, ఫ్యాన్ కింద పెట్టండి. పాడైన హార్డ్ డిస్క్‌ను ఫ్రీజర్‌లో పెడితే బతుకుతుందని వీడియోలు తిరుగుతున్నాయి. తిరిగే పళ్లెం మీద తేమ చేరితే మిగిలిన డేటా కూడా పోతుంది. ఫొటోలు ముఖ్యమైతే రికవరీ చేసేవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి. నిజంగా ఫ్రిజ్‌లో ఉండాల్సిన గ్యాడ్జెట్ సామాను ఒక్కటే, కెమెరా ఫిల్మ్ రోల్. సీల్ తీయకుండా ఉంచి, వాడే ముందు కొన్ని గంటలు బయట పెట్టండి.

మా అమ్మ ఇన్సులిన్ వాడుతుంది. మాది సింగిల్ డోర్ ఫ్రిజ్, ఊళ్లో కరెంటు కోతలు. నేను బెంగళూరు నుంచి ఫోన్‌లో చూసుకునేలా ఏదైనా పరికరం ఉందా? (మహబూబ్‌నగర్)

మీ టెన్షన్ అర్థమైంది. ఈ విషయంలో పొరపాటుకు చోటు ఉండకూడదు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకడితే, కరిగాక మామూలుగా కనిపించినా వాడకూడదు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ కింద ఉండే ట్రేలో పాలు కూడా గడ్డకడుతుంటాయి. ఇన్సులిన్‌ను అక్కడ పెట్టొద్దు, తలుపులోనూ వద్దు. మధ్య అరలో, వెనక గోడకు తగలకుండా, చిన్న డబ్బాలో ఉంచమనండి. వాడుతున్న సీసాను మాత్రం చాలా రకాల్లో 30 డిగ్రీల లోపు నాలుగు వారాల వరకు బయట ఉంచొచ్చు. మీ అమ్మగారి మందుకు ఎంతో అట్ట మీద చూసి డాక్టర్‌ను అడిగి నిర్ధారించుకోండి.

పరికరం విషయానికొస్తే, బ్లూటూత్ థర్మామీటర్ మీకు పనికిరాదు. ఫ్రిజ్ ఇనుప పెట్టె కాబట్టి సిగ్నల్ సరిగా బయటికి రాదు, వచ్చినా పక్క గది దాకానే. వైర్ చివర చలిని కొలిచే ముక్క (ప్రోబ్) లోపల, వైఫై పెట్టె బయట ఉండే రకం తీసుకోండి. యాప్‌లో రెండు హెచ్చరికలు పెట్టండి, 2 కన్నా దిగితే ఒకటి, 8 దాటితే ఒకటి. కరెంటు పోతే వైఫై కూడా పోతుంది కాబట్టి రౌటర్‌కు చిన్న యూపీఎస్ తప్పనిసరి. తలుపు తీయకుంటే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చలిని నిలుపుకుంటుంది. అంతకు మించి కోత ఉంటే వాడుతున్న సీసాకు పాత మట్టికుండ పనికొస్తుంది. తడి కుండలో, నీళ్లు తగలని డబ్బాలో పెట్టండి. మహబూబ్‌నగర్ లాంటి పొడి ఎండల్లో నీరు ఆవిరవుతూ కుండ బాగా చల్లబడుతుంది. సముద్రం పక్క ఊళ్ల ఉక్కపోతలో అంత చల్లబడదు.

స్మార్ట్ ప్లగ్ పెట్టి రాత్రిళ్లు ఫ్రిజ్ ఆపేస్తే కరెంటు బిల్లు తగ్గుతుందా? (విశాఖపట్నం)

వద్దు. థర్మోస్టాట్ ఆ పనే రోజంతా చేస్తోంది, చలి సరిపోగానే కంప్రెసర్‌ను ఆపేస్తుంది. మీరు ఆరేడు గంటలు ఆపితే పాలు, కూరలు 4 డిగ్రీలు దాటి వేడెక్కుతాయి. పొద్దున మళ్లీ చల్లబరచడానికి కంప్రెసర్ ఏకబిగిన నడుస్తుంది. బిల్లు మీద అనుమానం ఉంటే తలుపు రబ్బరు చూడండి. ఒక కాగితాన్ని తలుపు మధ్య పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వస్తే రబ్బరు వదులైనట్టే, మార్పించండి.