అలసిన మనిషి మాటతో మొదలుపెట్టు

విద్యానగర్, హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. మెదడు అలసట మీద పనిచేసే ఒక నాడీశాస్త్రవేత్త పరిశోధనను తెలుగు పాఠకులకు చెప్పాలని పూనుకున్నందుకు ముందుగా నా అభినందన. మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాము నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు), తలకు బలమైన దెబ్బ, పక్షవాతం, పార్కిన్సన్స్... ఈ జబ్బులున్న చాలామందిని కుంగదీసేది అలసట. ఇంట్లోవాళ్లు అన్నిటికంటే ఆలస్యంగా నమ్మేదీ అదే. చేయి పడిపోతే కనిపిస్తుంది, మాట తడబడితే వినిపిస్తుంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఎదుటివాళ్లు చెప్పేది తలకెక్కడం లేదంటే మాత్రం "కాస్త పడుకో, అదే పోతుంది" అంటారు. చాలామందికి పడుకున్నా అది పోదు. ఇలాంటి విషయం మీద మన భాషలో మంచి వ్యాసం రావాలి. అందుకే నీ చిత్తుప్రతికి ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

నువ్వు స్కానింగ్ బొమ్మతో మొదలుపెట్టావు. ఎర్రగా వెలిగిన ఒక భాగం, దానికో లాటిన్ పేరు, ఆ వెంటనే "అలసట నిజమేనని శాస్త్రం ఎట్టకేలకు నిరూపించింది" అన్న వాక్యం. రోగి నాలుగో పేరాలో వచ్చి, ఒక్క మాట చెప్పి వెళ్లిపోతాడు. ఈ వరస మార్చు. రోగి మీద జాలితో మార్చమనడం లేదు. ఆ పరిశోధన నడిచిన తీరే ఆ మార్పు కోరుతోంది.

నువ్వు ప్రస్తావించిన 2008 నాటి ప్రయోగాన్నే తీసుకో. అమెరికాలోని న్యూజెర్సీలో జాన్ డెలూకా బృందం చేసినది. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లనూ, ఆరోగ్యంగా ఉన్నవాళ్లనూ ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, తెర మీద గుర్తులకూ అంకెలకూ జత కుదిరిందో లేదో చెప్పమన్నారు. అదే పనిని మళ్లీ మళ్లీ చేయించారు. రెండు గుంపుల జవాబుల్లోనూ తప్పొప్పుల తేడా కనిపించలేదు. రోగులు కొంచెం నెమ్మదిగా చెప్పారు, అంతే. కాని పని సాగేకొద్దీ ఆరోగ్యవంతుల మెదడులో చురుకుదనం తగ్గడమో నిలకడగా ఉండడమో జరిగితే, రోగుల మెదడులో లోపలి భాగాల్లోనూ ముందు భాగంలోనూ అది పెరుగుతూ పోయింది. ఈ ఒక్క ఫలితాన్ని నిదానంగా, పాఠకుడి చేయి పట్టుకుని చెప్పు. బయటినుంచి చూసేవాళ్లకు ఇద్దరి పనీ దాదాపు ఒకటే. అందుకే ఆఫీసులో పైఅధికారి "బాగానే చేస్తున్నారు కదా" అంటాడు. ఆ బాగు కోసం లోపల ఎంత ఖర్చవుతోందో అతనికి కనబడదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ యంత్రం అలసటను కొలవదు. మెదడులోని ఏ భాగానికి ఆక్సిజన్ నిండిన రక్తం ఎంత చేరుతోందో, ఆ మార్పును పట్టుకుంటుంది. చురుకుదనం పెరగడానికి కుతూహలం కారణం కావచ్చు, కంగారు కావచ్చు, ఎక్కువ ప్రయత్నం కావచ్చు. అది అలసటకు సంబంధించినదని తేల్చాలంటే మనిషిని అడగక తప్పదు. తర్వాతి అధ్యయనాల్లో అదే చేశారు. పనికీ పనికీ మధ్య "ఇప్పుడు ఎంత అలసటగా ఉంది?" అని అడిగి, వాళ్లు చూపిన అంకెను మెదడులోని మార్పుతో జతచేసి చూశారు. కాడేట్ అనే లోపలి భాగం పేరు పదేపదే వినబడడం అలా మొదలైంది. గ్లాస్గోలో పనిచేసిన అభిజిత్ చౌధురి, పీటర్ బెహన్ కూడా ఆ పరిసరాల్లోనే వెతకాలని 2004లో వాదించారు. అంటే ఆ ఎర్రటి మచ్చకు అర్థం ఇచ్చింది రోగి నోటి మాట. స్కాన్ వచ్చి రోగిని నిజాయితీపరుడని ధ్రువీకరించినట్టు నువ్వు రాశావు. వాస్తవంలో రోగి మాటే స్కాన్‌కు ఆధారం. ఈ విషయంలో నేను పట్టు వదలను.

ఇంకో ప్రయోగం చెబుతాను, నీకు పనికొస్తుంది. 2009లో వేల్స్‌లోని బ్యాంగర్‌లో 16 మందితో సైకిల్ యంత్రం తొక్కించారు. ఒకసారి 90 నిమిషాల పాటు కంప్యూటర్ ముందు ఏకాగ్రత కావలసిన పని చేయించి, మరోసారి అంతసేపూ డాక్యుమెంటరీ చూపించి తొక్కించారు. సినిమా చూసిన రోజు సగటున 754 సెకన్లు తొక్కినవాళ్లు, బుర్రకు పని పెట్టిన రోజు 640 సెకన్లకే ఆగిపోయారు. దీనికి గుండె, ఊపిరితిత్తులు, కండరాల కొలతల్లో కారణం దొరకలేదు. తొక్కడం మొదటినుంచీ ఎక్కువ కష్టంగా అనిపించిందని వాళ్లు చెప్పడమే తేడా. చూశావా, ఇక్కడ 'అనిపించడం' అన్నదే ఫలితం. టూరిన్‌లో ఆంజెలో మోస్సో 19వ శతాబ్దం చివర్లోనే ఇలాంటిది గమనించాడు. విద్యార్థులను గంటల తరబడి పరీక్షించి వచ్చిన సహోద్యోగి, వేలితో బరువు లాగడంలో మామూలు కంటే త్వరగా నీరసించాడు. ఆయన గురించి రెండు వాక్యాలు చాలు.

మరి మనిషి మాటే తుది తీర్పా అని నువ్వు అడగవచ్చు. కాదు. 2022లో పారిస్ పరిశోధకులు ఆరు గంటలకు పైగా కొందరికి కష్టమైన పని, మరికొందరికి అదే రకం తేలిక పని ఇచ్చారు. కష్టపడిన వాళ్ల మెదడు ముందు భాగంలో పక్కవైపున గ్లూటమేట్ అనే రసాయనం ఎక్కువగా కనిపించింది. ఎక్కువ డబ్బు కోసం ఆగడం కంటే వెంటనే దొరికే కొద్ది డబ్బు వైపు వాళ్లు మొగ్గారు. కాని ఎంత అలసిపోయారని అడిగితే రెండు గుంపుల జవాబులూ దాదాపు ఒకటే. మాట ఒకవైపు, చేత మరోవైపు నడిచాయి. ఈ ఎడం దగ్గర నువ్వు ఆగాలి. ఎడమున్నచోట మాటను కొట్టిపారేయడమూ సులువే, కొలతను కొట్టిపారేయడమూ సులువే. రెండింటినీ పక్కపక్కన పెట్టి పాఠకుడికి చూపించు. "మెదడులో విషం పేరుకుంటుంది" అన్న వాక్యం మాత్రం తీసేయి. గ్లూటమేట్ మెదడులో నిత్యం పనిచేసే రసాయనం. పరిశోధకులు ఒక సంబంధాన్ని చూపారు, విషాన్ని చూపలేదు.

చివర్లో ఉన్న "మెదడును చురుగ్గా ఉంచే అయిదు మార్గాలు" మొత్తం తీసేయి. సంకల్పబలం వాడేకొద్దీ తరిగిపోయే నిల్వ అనీ, చక్కెర నీళ్లతో తిరిగి నిండుతుందనీ రాశావు. ఆ భావన ఎంతగా ప్రచారమైనా, 2016లో 23 ప్రయోగశాలలు రెండు వేల మందికి పైగా పాల్గొన్న పరీక్షలో దాని పునాది ప్రభావాన్నే సరిగా రాబట్టలేకపోయాయి. మెదడు శరీర బరువులో దాదాపు 2 శాతమే అయినా శక్తిలో దాదాపు 20 శాతం వాడుతుంది, నిజమే. కాని కష్టమైన లెక్క చేసినప్పుడు ఆ వాడకం పెరిగేది స్వల్పం. పైగా రక్తహీనత, థైరాయిడ్, నిద్రలో ఊపిరి ఆగడం, దిగులు, వాడుతున్న మందులు, వీటన్నిటివల్లా మనిషి అలసిపోతాడు. అదంతా తేల్చేది డాక్టరు. నీ వ్యాసం చదివి ఎవరూ పరీక్ష మానుకోకూడదు.

హైదరాబాద్‌లో కూర్చుని రాస్తున్నావు కాబట్టి మన ఊళ్లో జరిగిన పనినీ తెలుసుకో. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి వచ్చిన 648 మంది డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే జబ్బు) రోగుల వివరాలతో సువర్ణ అల్లాడి బృందం 2013లో ఒక అధ్యయనం ప్రచురించింది. వాళ్లలో 391 మంది ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష వచ్చినవాళ్లకంటే వాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే ఊరు కాబట్టే ఈ ప్రశ్న ఇక్కడ ఇంత సూటిగా అడగగలిగారు. దీన్ని అలసటతో కలపకు, అది వేరే విషయం. కాని ఒకటి గమనించు. జబ్బు ఏ వయసులో మొదలైందో ఏ యంత్రమూ చెప్పదు. మొదటి మార్పు ఎప్పుడు కనిపించిందో ఇంట్లోవాళ్లు గుర్తుచేసుకుని చెప్పాలి. ఇక్కడా లెక్కకు మూలం ఒక కోడలి జ్ఞాపకమో, ఒక కొడుకు జ్ఞాపకమో.

నువ్వు ఇంకా ఏ రోగితోనూ కూర్చుని మాట్లాడలేదని వ్యాసం చూస్తే తెలుస్తోంది. మాట్లాడు. నిమ్స్‌లో ఓపీ వరసలో నిలబడ్డవాళ్ల దగ్గరికి నోటుపుస్తకంతో వెళ్లకు. వాళ్లు తెల్లవారకముందే బయల్దేరి వచ్చి ఉంటారు. డాక్టరు ద్వారానో తెలిసినవాళ్ల ద్వారానో అడిగించి, ఒప్పుకున్నవాళ్ల ఇంటికి వాళ్లు చెప్పిన వేళకు వెళ్లు. చాలామంది పొద్దున్నే రమ్మంటారు. టీవీ కట్టేయమని అడగడానికి మొహమాటపడకు. ఒకేసారి రెండు చప్పుళ్లు వాళ్లకు బరువు. ఇరవై నిమిషాల్లో ఆపి, మరో రోజు రానిమ్మని అడుగు. జవాబులు పొట్టివవుతుంటే విసుగనుకోకు, ఆపమంటారా అని అడిగి, టైము రాసుకో.

"అలసటగా ఉందా?" అని అడిగితే "అవును" అంటారు, అక్కడితో సరి. ఈ మధ్య ఏ పని మానేశారు, ఏ వేళకు ఫోను ఎత్తడం ఆపుతారు, కూరల లెక్క ఎవరికి అప్పగించారు, పెళ్లిలో ఎంతసేపు కూర్చోగలిగారు, మర్నాడు ఎలా ఉంది... ఇలా అడుగు. పాతబస్తీలో ఉర్దూలో చెబితే ఉర్దూలోనే విను, రాని చోట తోడు తీసుకెళ్లు. పేరు, వీధి, ఉద్యోగం రాయకు. వాళ్ల ఉద్యోగం ఈ విషయం బయటపడకపోవడం మీదే ఆధారపడి ఉండవచ్చు.

ఆ శాస్త్రవేత్తకు పంపే ప్రశ్నల్లో ఇది కూడా చేర్చు: మీ ప్రయోగంలో పాల్గొన్నవాళ్లను అలసట గురించి ఎప్పుడెప్పుడు అడిగారు, ఏ ప్రశ్న వేశారు, వాళ్లు ఏం చెప్పారు? ఆ జవాబూ, ఒక రోగి ఇంట్లో నువ్వు విన్నదీ చేతికి వచ్చాక మొదటి పేరా తిరిగి రాయి. మిగతా భాగం నేను గుర్తులు పెట్టి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. దసరా సంచికకు ఇవ్వాలనుకుంటే తొందరపడకు. సంక్రాంతికైనా ఫరవాలేదు, సంపాదకుడితో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు