‘బ్లీక్‌లో’ (Bleaklow) అనే కొండకు వెళ్లే మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

ఈ శనివారం స్నేహితులతో ఇంగ్లండ్‌లోని ‘బ్లీక్‌లో’ కొండకి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. మాంచెస్టర్ వచ్చినవాళ్లంతా దాని పక్కనున్న కిండర్ స్కౌట్ కొండకే పరిగెడతారు. ఇక్కడికి వచ్చేవాళ్లు తక్కువ. నాకు ఈ కొండంటే అంత ఇష్టం అందుకే.

633 మీటర్లేగా అనుకోకురా. తిరుమల ఇంతకంటే ఎత్తు, కానీ అక్కడ మెట్లున్నాయి, ముందూ వెనకా మనుషులుంటారు. ఇక్కడ పైకి చేరాక నీడకి చెట్టు కూడా ఉండదు. కంటికానినంత మేర నల్లటి పీట్ నేల (నాచు, మొక్కలు సగం కుళ్లి పేరుకున్న మెత్తటి మట్టి), దాన్ని వాననీళ్లు కోసేసిన లోతైన గాడులు. ఒక గాడిలో దిగి అవతల ఎక్కేసరికి ఎటు తిరిగి ఉన్నావో తెలియదు. దానికి మబ్బు తోడైతే పది అడుగుల దూరం కూడా కనపడదు. 1948 నవంబర్ 3న మబ్బులో వెళ్తున్న అమెరికా బీ-29 విమానం ఇక్కడే కూలి, అందులోని 13 మందీ చనిపోయారు. హయ్యర్ షెల్ఫ్ స్టోన్స్ దగ్గర శకలాలు ఇప్పటికీ ఉన్నాయి. చూస్తే కాసేపు నిలబడి దణ్ణం పెట్టుకో. చిన్న ముక్క కూడా తీసుకోవద్దు.

మాంచెస్టర్ పికడిల్లీ స్టేషన్‌లో గ్లోసప్ ఊరికి వెళ్లే రైలెక్కు. ఓల్డ్ గ్లోసప్ దాటాక డాక్టర్స్ గేట్ అనే పాత బాట వాగు వెంబడి పైకి వెళ్తుంది. పైన పెన్నైన్ వే అనే పెద్ద నడకదారి తగులుతుంది, అక్కడ ఎడమకి తిరగాలి. కాళ్లు దిగబడకుండా కొంత దూరం రాతిపలకలు పరిచారు. అవి అయిపోయాక మ్యాపే దిక్కు. బ్రిటన్ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల డార్క్ పీక్ మ్యాపు, దిక్సూచి కొనుక్కో. చలికి ఫోన్ ఛార్జింగ్ ఇట్టే పడిపోతుంది. దిక్సూచి వాడటం ముందే పార్కులో ప్రాక్టీస్ చేసుకో.

జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు, ఒళ్లు గడ్డకడుతుంది. నవంబర్‌లో నాలుగు దాటగానే చీకటి, కాబట్టి తలకి కట్టుకునే లైటు తప్పనిసరి.

మెత్తగా పచ్చగా కనిపించే నాచు మీద అడుగు వేయకు. అదే స్ఫాగ్నమ్. పీట్ తయారయ్యేది దాంతోనే, ఆ పీట్ ఒక మిల్లీమీటరు పెరగడానికి దాదాపు ఏడాది పడుతుంది. మాంచెస్టర్, షెఫీల్డ్ ఫ్యాక్టరీల పొగకి, మంటలకి ఇక్కడి నాచు చాలావరకు చచ్చిపోయి నేల బోడి అయిపోయింది. ఇప్పుడు గాడులకి అడ్డుకట్టలు వేసి, మొక్క మొక్కా నాటి మళ్లీ పెంచుతున్నారు. ఆ కష్టం తలుచుకుంటే నాకు వాళ్ల మీద ఎంతో గౌరవం. నిప్పు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెలిగించొద్దు.

మాట్లాడకుండా నడిస్తే కొండ కుందేళ్లు కనిపిస్తాయి. చలికాలానికి అవి తెల్లబడతాయి. నల్లనేల మీద అవి ఎంత అందంగా ఉంటాయో!

దారి తప్పితే ఈల నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదు. సిగ్నల్ ఉంటే ఇక్కడి అత్యవసర నంబర్ 999కి ఫోన్ చేసి, ముందు పోలీసులు కావాలని అడిగి, వాళ్లకి మౌంటెన్ రెస్క్యూ (కొండల్లో చిక్కుకున్నవాళ్లని కాపాడే బృందం) కావాలని చెప్పు. ఒంటిగంటకల్లా పైకి చేరకపోతే ఎక్కడున్నా వెనక్కి తిరగండి. గ్లోసప్ చేరగానే మీ అమ్మకి మెసేజ్ పెట్టు, అప్పటిదాకా ఆవిడ టెన్షన్ పడుతూనే ఉంటుంది.

మీ మామయ్య