వెర్సాయ్‌లో గైడ్ కావాలంటే గదులకి కాదు, తోటకి పెట్టుకోండి

"అమ్మానాన్నలతో జులైలో ప్యారిస్ వస్తున్నాం. వెర్సాయ్ రాజమహల్ ఒక పూటలో చూసేద్దామని. తోటలకి విడిగా గైడెడ్ టూర్ అమ్ముతున్నారు, చెట్లు చూడ్డానికి కూడా గైడ్ ఎందుకండీ?" అని అడిగారు.

ప్యారిస్ పక్కన కాపురం ఉంటున్నాక వచ్చిన చుట్టాలందరినీ వెర్సాయ్ తిప్పే డ్యూటీ మనదే కదా. గైడ్‌తో వెళ్ళాను, గైడ్ లేకుండానూ వెళ్ళాను. గైడ్‌కి ఒక్కచోటే డబ్బు పెట్టగలిగితే తోటకే పెట్టండి. లోపల గదులకి ఆడియో గైడ్ సరిపోతుంది. అద్దాల హాల్లో జులై తోపులాటలో గైడ్ చెప్పేది ఎలాగూ సగం వినపడదు, ఎవరూ చెప్పకపోయినా ఆ హాలు చూసి నోరు తెరుస్తాం. తోట అలా కాదు. విప్పి చెప్పేవాళ్ళు లేకపోతే పొడుగాటి బాట, కత్తిరించిన చెట్లు, తెల్ల విగ్రహాలు, అంతే కనపడతాయి. మా మావయ్య పావుగంటకే "ఇంకేముంది, పోదామా?" అన్నారు.

ఈ తోటకి దారి గీసిన మొదటి గైడు ఎవరనుకున్నారు? స్వయానా ఫ్రాన్స్ రాజు 14వ లూయీ. 1689 నుంచి 1705 మధ్య, అతిథులకి తోట ఏ వరసలో చూపించాలో చిన్న కాగితం రాయించాడు, మళ్ళీ మళ్ళీ మార్పించాడు. వర్ణనలూ కవిత్వమూ ఏం లేవు. మహల్ నుంచి బయటికి రావాలి, మెట్ల పైన ఆగాలి, నీటి కొలనుల్ని చూడాలి. తిన్నగా లతోనా కొలను పైకి వెళ్ళి ఆగాలి, అక్కణ్ణుంచి కింద బాట, అపోలో కొలను, కాలువ చూడాలి, వెనక్కి తిరిగి మహల్ చూడాలి. ఆ తర్వాత ఎడమకి తిరగాలి. మొత్తం ఇదే ధోరణి, హుకుం జారీ చేసినట్టు. మంచి గైడ్ దొరికితే మిమ్మల్ని ఆయన ఆపమన్న చోటే ఆపుతారు. అప్పుడు తెలుస్తుంది, ఆ మాటల్లో ఎంత లెక్క ఉందో. మహల్ ముందు నించుంటే లతోనా కొలను కంటికే ఆనదు. మెట్ల అంచుకి వస్తేగానీ నేల కిందికి దిగుతోందని తెలీదు. 1661లో ఈ తోట పని మొదలుపెట్టిన ఆంద్రె ల నోత్ర్, పల్లాన్ని దాచిపెట్టి అంచెలంచెలుగా బయటపెట్టాడు. దూరంగా మెరిసే గ్రాండ్ కెనాల్ ఇక్కడే ఉన్నట్టుంటుంది. నడిచి చూడండి, పది అడుగుల్లో వచ్చేస్తుందనుకున్నది ఎంతకీ రాదు. ఆ కాలువ ఒక్కటే ఒకటిన్నర కిలోమీటరు దాటి ఉంటుంది.

లతోనా దగ్గర మాత్రం తొందరపడకండి. ఇది రోమన్ల పురాణకథ. అపోలో, డయానాల తల్లి లతోనా పసిపిల్లలతో దాహానికి వస్తే, పల్లెవాళ్ళు కొలనులో బురద కలిపి నీళ్ళు తాగనివ్వలేదు. ఆవిడ మొర విని జూపిటర్ వాళ్ళని కప్పల్ని చేశాడు. దగ్గరగా చూస్తే ఒకడికి తల ఇంకా మనిషిదే, నోరు మాత్రం అప్పుడే సాగిపోతోంది. ఇంకొకడికి వేళ్ళ మధ్య తోలు వచ్చేసింది. చుట్టూ బంగారు పూత కప్పలు నోట్లోంచి నీళ్ళు చిమ్ముతుంటాయి. 2015లో బాగుచేశాక పూత ఇంకా తళతళలాడుతోంది. మొదట్లో లతోనా మొహం మహల్ వైపు ఉండేదట. తర్వాత పాలరాతి అంతస్తులు కట్టినప్పుడు కాలువ వైపు తిప్పారు.

అన్నిటికన్నా గైడ్ దగ్గర రాబట్టాల్సింది నీళ్ళ సంగతి. వెర్సాయ్‌కి నది లేదు. రాజుకేమో నీళ్ళు పైకి చిమ్మాలి. సెయిన్ నది మీద బూజివాల్ దగ్గర 1681 నుంచి 1684 దాకా ఓ మహాయంత్రం కట్టారు. 14 పెద్ద చక్రాలు, 200 పైచిలుకు పంపులు, నీళ్ళని 150 మీటర్లకి పైగా ఎత్తేవి. అదీ చాల్లేదు. 1685లో ఏకంగా ఎర్ నదినే మళ్ళించబోయారు. వేలమంది సైనికుల్ని మట్టి పనిలో పెట్టారు, జ్వరాలకి చాలామంది పోయారు, 1688లో యుద్ధం వచ్చి పని ఆగిపోయింది. మాంతెనోన్ దగ్గర ఆ కాలువ తాలూకు వంపులు మొండిగా ఇప్పటికీ నించునే ఉన్నాయి. ఈ తోట అందం గురించి మాట్లాడేవాళ్ళు ఆ సైనికుల మాట ఎత్తకపోతే నాకు కాస్త కోపమే.

ఇంత చేసినా అన్ని ఫౌంటెన్లూ ఒకేసారి ఆడించడానికి నీళ్ళు లేవు. అందుకని ఓ ఉపాయం. రాజు ఈ మలుపుకి వస్తున్నాడనగా ఈల వేస్తే ఇక్కడ తిప్పేవాళ్ళు, ఆయన దాటిపోగానే కట్టేసేవాళ్ళు. ఇది విని మా నాన్న ఒకటే నవ్వు. గోదావరి కాలువ కింద చివరి భూములు చేసినాయన మరి. "ఇక్కడా వంతులేనా! లస్కరు ఈల వేస్తాడన్న మాట" అన్నారు. ఆ తర్వాత ఆయనకి విగ్రహాలు కనపడితే ఒట్టు. తూములు, గొట్టాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ నడిచారు.

ఆ అదృష్టం కూడా పట్టింది. ఓ తోపులో మేం నించుని ఉండగా బూట్లేసుకున్న మనిషొకడు పొడుగాటి ఇనప తాళంచెవి భుజాన వేసుకొచ్చి, నేలలో చిన్న మూత తీసి, అది లోపలికి దించి రెండు చేతులతో తిప్పాడు. ముందు గాలి బుసబుస, తర్వాత మురికి నీళ్ళు ఎగిరెగిరి పడ్డాయి, ఆపైన తెల్లటి ధార సన్నగా నిలబడింది. పైన నిలవ చేసిన నీళ్ళని పల్లానికి వదిలితే ఎత్తు తేడాతోనే అలా చిమ్ముతుంది. పాత పద్ధతే.

కాబట్టి ఫౌంటెన్లు ఆడే రోజే వెళ్ళండి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా శని, ఆదివారాలు, సీజన్లో మరికొన్ని రోజులు ఉంటాయి. తేదీలు మహల్ వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసి ఖాయం చేసుకోండి. ఆ రోజుల్లో తోటకీ టిక్కెట్టు ఉండాలి. ఇంకో లాభం, మామూలుగా గేట్లు వేసి ఉండే తోపులు ఆ రోజుల్లో తెరిచి ఉంటాయి. రాళ్ళూ గవ్వలూ పరిచిన మెట్ల మీంచి నీళ్ళు జారే నాట్యశాల, చుట్టూ పాలరాతి స్తంభాలతో 1685లో మొదలైన కొలొనాడ్, రాళ్ళ కింద సగం పూడుకుపోయి నోట్లోంచి నీళ్ళు ఎగజిమ్మే రాక్షసుడు ఆన్సెలాడ్, ఇవన్నీ ఆ తోపుల్లోనే. నీళ్ళు ఆడే వేళలు పొద్దున కాసేపు, మధ్యాహ్నం కాసేపు. సాయంత్రం ఆఖర్న నెప్ట్యూన్ కొలను దగ్గర అయ్యేది వదులుకోకండి.

ఇక పెద్దవాళ్ళ మోకాళ్ళ సంగతి. వెళ్ళేటప్పుడు అంతా దిగుడు, హాయిగా ఉంటుంది. వచ్చేటప్పుడే ఎక్కుడు, పైగా కంకర దారి. గైడ్‌తో కాలువ దాకా దిగి, తిరుగుప్రయాణం చిన్న రైలు బండిలో పెట్టుకోండి. గోల్ఫ్ బళ్ళు అద్దెకిస్తారు గానీ లైసెన్స్ అడుగుతారు, తోపుల్లోకి అవి పోవు. నారింజతోట కోసం మాత్రం దిగనక్కర్లేదు. దక్షిణం వైపు పిట్టగోడ మీంచి చూస్తే చాలు. జులైలో నారింజ, నిమ్మ, దానిమ్మ, గన్నేరు చెక్కపెట్టెల్లో వెయ్యికి పైగా బయటే ఉంటాయి. అక్టోబరు మధ్యలో వాటన్నిటినీ లోపలికి తోసేస్తారు, మే మధ్యదాకా మళ్ళీ ఎండ చూడవు.

ఒక్క పూట చాలదు. గదులు పొద్దున్నే ముగించి, గైడ్‌ని తోటకి పెట్టుకుని, మధ్యాహ్నం త్రియానోన్ వైపు పోతే రోజు గడిచిపోతుంది. త్రియానోన్ మహళ్ళు మధ్యాహ్నం పన్నెండు దాకా తెరవరు, ముందే పోయి గేటు దగ్గర పడిగాపులు కాయకండి. 16వ లూయీ భార్య మారీ ఆంత్వానెత్ కట్టించుకున్న పల్లెటూరు ఉన్నది అటే. రాణిగారి పల్లె అన్న మాట, కోళ్ళూ మేకలతో సహా. మా అమ్మకి అన్నిటికన్నా నచ్చింది అదే. నాకేమో కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది.

మీ నాన్నగారికి చరిత్ర ఇష్టమైతే గైడ్‌ని వజ్రాల గురించి కదపమనండి. మన గోల్కొండ సీమ నుంచి ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే తెచ్చిన నీలి వజ్రం కొన్నది ఈ లూయీయే. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిదంటారు. దాన్నే తర్వాత కోసి మార్చారు, ఇప్పుడు వాషింగ్టన్‌లో హోప్ డైమండ్ పేరుతో ఉంది. నేను అడిగిన గైడ్‌కి వజ్రం సంగతి తెలుసు గానీ కృష్ణా నది పేరు తెలీదు. చెప్పి వచ్చాను.

సోమవారం మహల్ ఉండదు, తోట ఉంటుంది. ఎక్కువమంది ఎక్కేది ఆర్‌ఈఆర్ సి రైలు, వెర్సాయ్ శాతో రివ్ గోష్‌లో దిగండి. పులిహోర కట్టుకొస్తే తోటలో తిననివ్వరు, పార్కు వైపు వెళ్ళి కూర్చోవాలి. టిక్కెట్టు మాత్రం పారెయ్యకండి, అక్కణ్ణుంచి మళ్ళీ తోటలోకి రావాలంటే గేటు దగ్గర అడుగుతారు.