మాట రాని మనిషిని ఎలా చూసుకుంటున్నారో తెలుసుకోవాలంటే

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. నాన్నని చేర్చిన కేర్ హోమ్‌లో గది శుభ్రంగానే ఉంది, మేనేజర్ మర్యాదగానే మాట్లాడుతున్నాడు, కానీ నాన్నని నిజంగా బాగా చూసుకుంటున్నారో లేదో ఎలా తెలుస్తుంది అత్తా అని అడిగావు. మామూలుగా అయితే ఆయన్నే అడిగేదానివి. పక్షవాతంతో అన్నయ్యకి కుడివైపు పడిపోయి, మాట కూడా పోయింది. కాబట్టి ఇప్పుడు ఆయన ఒంటిని చూసి, చుట్టూ జరిగేది చూసి నువ్వే తెలుసుకోవాలి.

రిసెప్షన్, లాన్, హాల్లో పెద్ద టీవీ, వీటికి మార్కులు వెయ్యకు. అవి చూడటానికి వచ్చేవాళ్ళ కోసం. ఆ హోమ్‌లో అందరికన్నా నిస్సహాయంగా మంచం పట్టినవాళ్ళు ఎవరో కనుక్కుని, వాళ్ళని ఎలా ఉంచారో చూడు. నడిచి తిరిగేవాళ్ళు కావలసింది అడిగి తీసుకుంటారు, ఇవ్వకపోతే గొడవ చేస్తారు. అడగలేనివాళ్ళ దగ్గరే ఏ హోమ్ అసలు రంగైనా బయటపడుతుంది. అన్నయ్య కూడా ఇప్పుడు ఆ వరసలోనే ఉన్నాడు.

ప్రతిసారీ ఆదివారం పదకొండింటికే వెళ్ళకు. నువ్వు వచ్చే టైమ్ తెలిస్తే స్నానం చేయించి, బట్టలు మార్చి కూర్చోబెడతారు. అందులో మోసమేమీ లేదు, మనింటికి చుట్టాలొస్తున్నారంటే మనమూ సర్దుకుంటాం. కానీ నీకు కావలసింది మామూలు రోజు. ఒకసారి పొద్దున్నే, ఒకసారి రాత్రి భోజనాల వేళకి, ఒకసారి షిఫ్ట్ మారేటప్పుడు వెళ్ళు. రూల్స్ ఒప్పుకోవంటే, ఏ టైముల్లో రాకూడదో, ఎందుకో అడుగు. అందరి ప్రైవసీ కోసం స్నానాల వేళ వద్దనడం న్యాయమే. రోజులో రెండు గంటలు తప్ప రానివ్వమంటే మాత్రం నాకు నచ్చదు.

వెళ్ళగానే ఒళ్ళు చూడు. డైపర్ మార్చే సమయానికి అక్కడ ఉంటే ఎవరినీ అడగక్కర్లేకుండా అంతా కనబడుతుంది. నడుము కింద తోక ఎముక దగ్గర, తుంటి రెండు వైపులా, మడమలు, చీలమండలు, మోచేతులు, తల వెనక భాగం చూడు. ఎముక పైకి తేలి పరుపుకి ఒత్తుకునే చోట్లు ఇవి. ఎక్కడైనా ఎర్రగా ఉంటే వేలితో కాసేపు నొక్కి వదులు. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే రక్తం ఆడుతున్నట్టే. నొక్కినా రంగు మారకపోతే బెడ్‌సోర్, అంటే ఒత్తిడి వల్ల పడే పుండు, మొదలైనట్టు. చామనఛాయ ఒంటి మీద, నల్లటి ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు. చుట్టుపక్కల చర్మం కన్నా ఆ చోటు నల్లగానో ఊదాగానో ఉందా, గట్టిగా తగులుతోందా చూసుకోవాలి. అక్కడ వేడిగా ఉందా అని కూడా చూడు, చేతి వెనక వైపుతో తాకితే బాగా తెలుస్తుంది. ఈ దశలో పట్టుకుని అక్కడ ఒత్తిడి పడకుండా చూస్తే మామూలుగా త్వరగానే తగ్గిపోతుంది. చర్మం చిట్లి లోపలికి దిగిందంటే మానడానికి నెలలు పట్టొచ్చు.

కదలలేని మనిషిని మంచంలో రెండు గంటలకోసారి పక్క మార్చడం మామూలు లెక్క. మనిషిని బట్టి, పరుపుని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. కుర్చీలో కూర్చున్నప్పుడైతే ఇంకా తొందర తొందరగా కదపాలి. గదిలో దానికో చార్ట్ తగిలించే ఉంటారు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది అని రాత్రీ పగలూ ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో టిక్కులుంటే నమ్మకు. షిఫ్ట్ మారినప్పుడు చెయ్యి మారాలి కదా. నేను డ్యూటీ చేసిన రోజుల్లో మధ్యాహ్నానికే రాత్రి ఎనిమిది దాకా నింపేసిన చార్టులు చూశాను.

ఎయిర్ బెడ్ వేశామండీ అంటారు. మంచిదే, కానీ దాని మీద పడుకోబెట్టినా పక్క మార్చాల్సిందే. ప్లగ్గు పెట్టి ఉందో లేదో కూడా చూడు, నవ్వకు. మధ్యలో కన్నం ఉన్న గుండ్రటి దిండు మీద కూర్చోబెడితే వద్దని చెప్పు, దాని అంచుల దగ్గర రక్తం ఆడదు. ఎర్రబడిన చోట గట్టిగా రుద్దనివ్వకు, లోపల కండ ఇంకా దెబ్బతింటుంది. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకి తగలకుండా ఎత్తి ఉంచారనుకో, అక్కడ పని తెలిసిన మనిషి ఒకరున్నారని అర్థం.

నర్సుని ‘నాన్న బ్రేడన్ స్కోర్ ఎంత సిస్టర్?’ అని అడుగు. బార్బరా బ్రేడన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు బెడ్‌సోర్ వచ్చే ప్రమాదం ఎంతో కొలవడానికి 1987లో ప్రచురించిన స్కేల్ అది. స్పర్శ, చర్మం తడి, నడక, కదలిక, తిండి, చర్మం పరుపుకి రాసుకోవడం అనే ఆరు విషయాలకి మార్కులు వేసి కూడతారు. మొత్తం 6 నుంచి 23 దాకా వస్తుంది. ఎంత తక్కువైతే అంత ప్రమాదం, 18 గానీ ఇంకా తక్కువ గానీ వస్తే జాగ్రత్తలు మొదలుపెట్టాలి. వాళ్ళు వేరే స్కేల్ పేరు చెప్పినా పరవాలేదు. అలాంటిదేదీ వెయ్యలేదంటే మాత్రం పుండు పడ్డాకే చూసుకునే రకమన్నమాట.

భోజనం వేళ పక్కన కూర్చుని చూడు, మెనూ బోర్డు చూసి మురిసిపోకు. నిటారుగా కూర్చోబెట్టి తినిపిస్తున్నారా, వాల్చి పడుకోబెట్టే కుక్కుతున్నారా? ఒక స్పూను పెట్టి, గుటక పడేదాకా ఆగి, రెండోది పెట్టాలి. పక్షవాతం వచ్చినవాళ్ళకి పడిపోయిన వైపు బుగ్గలో ముద్ద ఉండిపోతుంది, ఉన్నట్టు వాళ్ళకే తెలియదు. అలాగే పడుకోబెడితే అది జారి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా రావచ్చు. అందుకే తిన్నాక కుడి బుగ్గ లోపల చూసి నోరు శుభ్రం చేశారా, కనీసం అరగంట కూర్చోబెట్టారా అన్నది గమనించు. తినేటప్పుడు పొలమారుతున్నా, తిన్నాక గొంతు గరగరలాడుతున్నా మింగడం ఎలా ఉందో పరీక్ష చేయించమను. స్పీచ్ థెరపిస్టులు చేస్తారు ఆ పరీక్ష.

పళ్ళెం తెచ్చి పక్కన పెట్టి, చల్లారాక అలాగే తీసుకెళ్ళి ‘తినలేదు’ అని రాసే చోట్లు కూడా ఉన్నాయి. అవి బరువులో దొరికిపోతాయి. చేరిన రోజు బరువెంత, ఇప్పుడెంత అని అడుగు. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే డాక్టర్ చూసి తీరాలి. అంటే 60 కిలోల మనిషి నెల తిరిగేసరికి 57 అయ్యాడంటే ‘కాస్త చిక్కారు’ అని సరిపెట్టుకోకూడదు.

నీళ్ళ గ్లాసు మంచం పక్కన ఉంటే సరిపోదు, అది అన్నయ్య ఎడమ చేతికి అందాలి. వయసు మళ్ళాక దాహం సరిగా తెలియదు. నాలుక పిడచగట్టుకుపోయినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా నీళ్ళు చాలట్లేదన్నమాట. నిన్నటిదాకా కళ్ళతో పలకరించిన మనిషి ఇవాళ ఉన్నట్టుండి అయోమయంగానో మగతగానో ఉంటే ‘వయసు కదమ్మా’ అంటారు. ఒప్పుకోకు. నీరు తగ్గడం కావచ్చు, యూరిన్ ఇన్‌ఫెక్షన్ కావచ్చు, కొత్త మందు కావచ్చు, మళ్ళీ స్ట్రోకే కావచ్చు. అప్పటికప్పుడు డాక్టర్‌కి చూపించాలి, మూతి వంకరపోయినా ఎడమ చెయ్యి కూడా పడిపోయినా నేరుగా ఎమర్జెన్సీకే.

పిలిచే బెల్ కూడా అంతే. అది కుడివైపుంటే అన్నయ్యకి లేనట్టే. నువ్వున్నప్పుడు పక్క గదిలో బెల్ మోగితే ఎవరైనా కదులుతున్నారా, ఎంతసేపటికి, చెవి పెట్టి విను. మంచం మీంచి కుర్చీలోకి ఎలా మారుస్తున్నారో కూడా ఒకసారి దగ్గరుండి చూడు. పడిపోయిన చెయ్యి పట్టుకునో, ఆ చంకలో చెయ్యేసో లాగితే భుజం కీలు జారి చాలాకాలం నొప్పి మిగలొచ్చు. అలా లాగడం కనబడితే అక్కడే ఆపు, మొహమాటపడకు.

ఏ వేళకి వెళ్ళినా నిద్రలోనే ఉంటే మందుల చార్ట్ అడుగు. రోగి గొడవ చేయకుండా ఉంటే పని తేలిక కాబట్టి మత్తు మందుల మీద ఆధారపడే హోమ్‌లు లేకపోలేదు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దవాళ్ళకి యాంటీసైకోటిక్ మందులు (తీవ్రమైన మానసిక జబ్బులకి వాడేవి) ఇస్తే చనిపోయే ప్రమాదం పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. అన్నయ్యకి ఆ జబ్బు లేదు, అయినా కొత్త మందు చేరినప్పుడల్లా ఎవరు రాశారు, ఎందుకు, ఎప్పటిదాకా అని అడిగే హక్కు నీకుంది. చేతులు మంచానికి కట్టడం కనబడినా ఇవే ప్రశ్నలు, ఇంకాస్త గట్టిగా.

వాసన గురించి అడిగావు. ఒక గదిలో ఒక వేళ వాసన రావడం సహజం, ఇప్పుడే మారుస్తూ ఉంటారు. వెళ్ళినప్పుడల్లా వరండా అంతా మూత్రం వాసన వస్తే తడి డైపర్లు గంటలకొద్దీ ఉంచుతున్నారని. రూమ్ ఫ్రెషనర్ ఘాటు మరీ ముక్కుపుటాలు అదిరేలా ఉన్నా నాకు అనుమానమే.

అన్నిటికన్నా ముఖ్యంగా మనుషుల లెక్క తేల్చుకో. ‘సరిపడా స్టాఫ్ ఉన్నారండీ’ అంటే కుదరదు. రాత్రిపూట ఆ ఫ్లోర్‌లో మంచం పట్టినవాళ్ళు ఎంతమంది, చూసుకునేవాళ్ళు ఎంతమంది? 20 మంది ఉన్నారనుకో. ఒక్కొక్కరిని పక్క మార్చి, డైపర్ చూడటానికి పది నిమిషాలు వేసుకున్నా 200 నిమిషాలవుతుంది. ఒక్క ఆయా రెండు గంటల్లో ఎలా చేస్తుంది? ఆవిడ దేవతైనా చెయ్యలేదు. మనుషులు తరచూ మారిపోతున్నారా అన్నది కూడా చూడు. అన్నయ్య దగ్గర డ్యూటీ చేసే ఆయాని ‘నాన్న ఏ వైపు తిరిగి పడుకుంటే హాయిగా ఉంటారు?’ అని అడుగు. తడుముకోకుండా చెప్పిందంటే మంచి మనిషి చేతిలో పడ్డాడు. పని చేసేటప్పుడు ‘బాబాయ్ గారూ, ఇటు తిప్పుతున్నామండీ’ అని చెప్పి తిప్పుతున్నారా, ఆయన మీదుగా వాళ్ళలో వాళ్ళు కబుర్లాడుకుంటూ మూట తిప్పినట్టు తిప్పుతున్నారా? మాట రాకపోయినా ఆయనకి వినబడుతోంది, చాలావరకు అర్థమవుతోంది కూడా.

ఒంటి మీద కమిలిన మచ్చ కనబడగానే కొట్టారని అనుకోకు. స్ట్రోక్ తర్వాత రక్తం పల్చబడటానికి ఇచ్చే మందులతో చిన్న తాకిడికే కములుతుంది. కానీ ఆ మచ్చ సంగతి వాళ్ళ రికార్డులో రాసి ఉండాలి, నువ్వు చూపించాక కాదు. రెండు దండచేతుల మీదా వేళ్ళ గుర్తుల్లా ఉన్నా, అడిగిన ప్రతివాళ్ళూ ఒక్కో కారణం చెప్తున్నా, ఫలానా మనిషి గదిలోకి రాగానే అన్నయ్య ముడుచుకుపోతున్నా ఊరుకోకు. తేదీ పడేలా ఫోటో తీసి, బయటి డాక్టర్‌కి చూపించి, హోమ్‌కి లైసెన్స్ ఇచ్చిన అధికారులకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు.

మామూలు లోపాలకి అంత అక్కర్లేదు. ఆయా మీద కేకలెయ్యకు. ఇంట్లో పెట్టుకోలేకపోయామన్న బాధ లోపల ఉండి, కొందరు చీటికీమాటికీ విరుచుకుపడతారు, ఇంకొందరు ఏదీ అడగరు. రెంటి వల్లా నష్టం మంచం మీద ఉన్న మనిషికే. ముందు ఇన్‌ఛార్జ్ నర్సుతో చెప్పు, తర్వాత మేనేజర్‌కి మెయిల్ పెట్టు. ‘సరిగా చూడట్లేదు’ అని కాదు, ‘ఫలానా తేదీన సాయంత్రం నాలుగింటికి వచ్చాను, డైపర్ తడిసి పరుపు దాకా వచ్చింది, చార్ట్‌లో మూడున్నరకి మార్చినట్టుంది’ అని రాయి. తప్పు జరగని హోమ్ ఉండదు. చెప్పాక వారంలో ఏం మారిందో చూస్తే ఉంచాలో వేరే చోటు వెతకాలో నీకే తెలుస్తుంది. బాగా చూసుకునే ఆయా గురించి కూడా మేనేజర్‌కి రాసి పెట్టు, వాళ్ళకి ఆ మాట చెప్పేవాళ్ళు తక్కువ.

ఈసారి వెళ్ళినప్పుడు చేరిన రోజు బరువు, ఇప్పటి బరువు, బ్రేడన్ స్కోర్ రాసుకొచ్చి నాకు పంపు. మందుల చార్ట్ ఫోటో కూడా తీసి పెట్టు, పేర్లతో పాటు మోతాదులు కూడా కనబడేలా. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చెయ్యి, కూర్చుని చూద్దాం.

అత్త