స్లాగ్ కంకరతో తారు రోడ్డు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మీరు వేయబోయే రోడ్డులో నల్లరాతి కంకర బదులు స్టీలు ప్లాంటు స్లాగ్, అంటే ఇనుము, ఉక్కు కరిగించేటప్పుడు మిగిలే చిట్టెం, వాడతారని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. క్వారీల కింద కరిగిపోయిన కొండల్ని కళ్ళారా చూసినవాణ్ణి. ఆ చిట్టెం గుట్టలు రోడ్డు కిందికి చేరితే అంతకంటే ఏం కావాలి?

ముందు అది ఏ స్లాగో అడుగు. ఖనిజం నుంచి ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌ది వేరు, అది ఎక్కువగా సిమెంటుకు పోతుంది. నీకు వచ్చేది ఉక్కు తయారయ్యే కన్వర్టర్ నుంచి తీసిన స్లాగ్ అయి ఉంటుంది. గట్టిది, అంచులు పదునుగా ఉంటాయి, తారును బాగా పట్టుకుంటుంది, వానలో టైరు జారనివ్వదు. దాని జబ్బల్లా లోపల కలవకుండా మిగిలిపోయిన సున్నమే.

ఇంటికి వెల్ల వేసేముందు తాతయ్య తొట్టిలో రాతిసున్నం మీద నీళ్ళు పోస్తే ఎలా పొంగేదో గుర్తుందా? ఈ రాయిలోనూ అదే జరుగుతుంది. సున్నం నీళ్ళు తాగి దాదాపు రెట్టింపవుతుంది. మెగ్నీషియా అనే సున్నంలాంటి పదార్థం ఉంటే ఇంకా నిదానం, ఏళ్ళు పట్టొచ్చు. నా సర్వీసులో ఒక యార్డులో పచ్చి స్లాగ్ పరిచారు. రెండో వానాకాలానికి తారు అక్కడక్కడా ఉబ్బి పగిలింది. పరిచిన రోజు నేనక్కడే ఉన్నాను, గుట్ట ఎప్పటిదని అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకే గుట్టను నెలల తరబడి తడుపుతూ, తిరగేస్తూ ఉంచారో లేదో నువ్వే వెళ్ళి చూడు. కాగితం చూసి ఊరుకోకు. 70 డిగ్రీల నీళ్ళలో 7 రోజులుంచి ఉబ్బు కొలిచే పరీక్ష ఒకటుంది, అది చేయించు. అర శాతం దాటితే నేనైతే లోడు వెనక్కి పంపుతాను. ఇనప ముక్కలు మాగ్నెట్‌తో తీశారా అన్నదీ చూడు.

రెండో సంగతి బరువు. మామూలు కంకర సాంద్రత 2.7 అయితే దీనిది 3.4 దాకా ఉంటుంది. పెద్ద సైజు 60 కిలోలు స్లాగ్, సన్నది 40 కిలోలు రాతి డస్ట్ అనుకో. తూకంలో 60 శాతమే, కానీ చోటు లెక్కలో స్లాగ్ 54 శాతమే. గ్రేడింగ్, అంటే పెద్దా సన్నా సైజుల పొత్తు, అక్కడే చెడుతుంది, కాబట్టి లెక్క ఘనపరిమాణంలో వెయ్యి. తారు శాతం కూడా పాత డిజైన్ నుంచి ఎత్తి రాయకు. బరువైన రాయి కాబట్టి తక్కువ శాతం చాలనిపిస్తుంది, కానీ దాని రంధ్రాలు కొంత తాగేస్తాయి. తారు ఎంత కలపాలో తేల్చే మార్షల్ టెస్ట్ మళ్ళీ మొదటినుంచీ చేయాల్సిందే. ఆ రంధ్రాల్లో తడి కూడా నిలుస్తుంది, డ్రయ్యర్‌లో బాగా ఆరనివ్వు.

లారీ టన్నులకు నిండిపోతుంది, రోడ్డు మాత్రం అంత దూరం రాదు. ప్లాంటు నుంచి సైటు దూరమైతే కిరాయే మింగేస్తుంది.

ఇది కొత్త ప్రయోగమని మీ వాళ్ళు జంకితే హజీరా పేరు చెప్పు. 2022లో సూరత్ దగ్గర కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ సీఆర్ఆర్ఐ సాయంతో ఆరు లేన్ల రోడ్డు వేశారు, దాదాపు లక్ష టన్నుల స్లాగ్ పట్టింది.

ఆదివారం ఫోన్ చెయ్. ఆ గుట్ట ఎన్నాళ్ళుగా తడుస్తోందో కనుక్కుని మరీ చెయ్.

మీ మామయ్య