సాయంత్రం బీటెక్ కోసం చిట్టీ ఎత్తాలా?

ప్రశ్న: మాది హన్మకొండ. వయసు 27. మెకానికల్ డిప్లొమా చేసి మడికొండ పారిశ్రామికవాడలో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. చేతికి 28,000 వస్తుంది, ఓటీ (ఓవర్‌టైం) ఉంటే మరో 3,500. ఏ, బీ, సీ షిఫ్టులు వారానికొకటి మారుతుంటాయి. ఇంటి ఖర్చు 14,000. హసన్‌పర్తి దారిలోని ఒక కాలేజీలో ఉద్యోగుల కోసం పెట్టిన బీటెక్‌లో నేరుగా రెండో సంవత్సరంలో సీటు వస్తుందంటున్నారు. క్లాసులు సాయంత్రం 6 నుంచి 9 వరకు. మూడేళ్లు, ఏడాదికి 60,000 ఫీజు. జేఎన్టీయూహెచ్ (హైదరాబాద్ జేఎన్టీయూ) ఆర్22 నిబంధనలు వర్తిస్తాయన్నారు. బ్యాంకులో 80,000 డిపాజిట్ ఉంది. 40 నెలల 2 లక్షల చిట్టీలో 14 వాయిదాలు కట్టాను. ఇప్పుడే 50,000 తగ్గించి పాడి, వచ్చే లక్షన్నరను మూడేళ్ల ఫీజుకు దాచుకోవాలనుకుంటున్నాను. డిగ్రీ వస్తే 8,000 పెంచుతామని మేనేజర్ చెప్పారు. ఇంతలో ఒక మిత్రుడు, 90,000 కడితే ఏడాదిలో దూరవిద్య బీటెక్ వస్తుందంటున్నాడు. ఏది మంచిది?

జవాబు: ముందు మీ మిత్రుడు చెప్పిన దారి సంగతి తేల్చేద్దాం. దూరవిద్యలో ఇంజినీరింగ్ డిగ్రీ ఇవ్వడానికి యూజీసీ నిబంధనలు ఒప్పుకోవు. అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2005 తర్వాత చేరినవాళ్ల డిగ్రీలు రద్దయ్యాయి. అంతకుముందు చేరినవాళ్లు మళ్లీ పరీక్ష రాసి నిలబెట్టుకోవలసి వచ్చింది. ఆ 90,000 పోతే పోయిందనుకున్నా, ఆ పట్టా చూపించి తెచ్చుకున్న ప్రమోషన్ కూడా ప్రమాదంలో పడుతుంది. ఏఎంఐఈ (ఇంజినీర్ల సంస్థ పరీక్షలు రాసి తెచ్చుకునే అర్హత) చేయమని ఎవరైనా అంటే, 2013 మే 31 తర్వాత చేరినవాళ్లకు అది బీటెక్‌తో సమానంగా చెల్లదని గుర్తుంచుకోండి. మీకున్న సరైన దారి కాలేజీకి వెళ్లి చదివే కోర్సే. డబ్బు కట్టేముందు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరు కింద ఉద్యోగుల బీటెక్‌కు, మీ బ్రాంచికి, ఈ విద్యాసంవత్సరానికి అనుమతి ఉందో లేదో మీరే చూడండి. కాలేజీకి మామూలు బీటెక్ అనుమతి ఉన్నంత మాత్రాన సరిపోదు.

ఇక ఖర్చు. మీరు ఫీజు 1,80,000 దగ్గరే ఆగిపోయారు. సాయంత్రం క్లాసుకు వెళ్తే ఓటీ పోతుంది. 36 నెలలకు అదే 1,26,000. బండి మీద రోజుకు అదనంగా 24 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరిగితే 12 లీటర్ల పైన పెట్రోలు, అంటే దాదాపు 1,350. క్లాసులు జరిగే 30 నెలలకు 40,500. పరీక్ష ఫీజులు, పుస్తకాలు, రికార్డులకు సెమిస్టర్‌కు 4,000 వేసుకున్నా ఆరు సెమిస్టర్లకు 24,000. అన్నీ కలిపితే 3,70,500. నెలకు 8,000 పెరిగితే ఇది దాదాపు 46 నెలల్లో తిరిగి వస్తుంది. పెరిగేది 3,000 మాత్రమే అయితే పదేళ్లు దాటుతుంది. అందుకే మేనేజర్ మాటను మాటగా వదిలేయకండి. డిగ్రీ తర్వాత ఏ గ్రేడు, ఎంత జీతం అన్నది హెచ్ఆర్ నుంచి కాగితం మీద తీసుకోండి. వాళ్లు రాసివ్వకపోతే, ఈ కంపెనీ పెంపును లెక్కలోంచి తీసేసి, బయట డిగ్రీ అడిగే ఉద్యోగాల కోసమే చదువుతున్నానని అనుకుని నిర్ణయించుకోండి. ప్రభుత్వ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టులకు డిప్లొమా సరిపోతుంది గానీ ఏఈఈకి (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్‌కు) డిగ్రీ తప్పనిసరి. ఆ ఆలోచన మీకుంటే లెక్క మారుతుంది.

నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించింది మీ షిఫ్టు. ఆర్22లో అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే సరైన కారణం, ఆధారాలు చూపిస్తే కాలేజీ కమిటీ ఫీజు తీసుకుని మాఫీ చేయవచ్చు. 65 కంటే తగ్గితే ఎవరూ ఏమీ చేయలేరు. ఆ సెమిస్టర్‌కు డిటైన్ అయినట్టే. మీ బీ షిఫ్టు మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 వరకైతే, మూడు వారాలకొక వారం క్లాసు మొత్తం పోతుంది. సెమిస్టర్‌కు 90 రోజులు క్లాసులు జరిగితే అందులో 30 రోజులు షిఫ్టుకే పోతాయి. మిగిలిన 60 రోజులూ ఒక్కటి కూడా మానకుండా వెళ్లినా మీ హాజరు 66.7 శాతమే. ఆపైన రెండు రోజులు జ్వరమో, సమ్మక్క జాతరో వస్తే 58 రోజులు, అంటే 64.4. అక్కడితో ఆ సెమిస్టర్ పోయింది.

డిటైన్ అయితే అదే సెమిస్టర్ మళ్లీ వచ్చేదాకా ఏడాది ఆగాలి. రూపాయల్లో చూస్తే సెమిస్టర్ ఫీజు మళ్లీ 30,000, ఆ ఆరు నెలల ఓటీ 21,000, ఏడాది ఆలస్యమైన జీతం పెంపు 96,000. మొత్తం 1,47,000. మీరు చిట్టీ ఎత్తి తెస్తానంటున్న డబ్బు కూడా దాదాపు ఇంతే. కాబట్టి ఫీజు కంటే ముందు షిఫ్టు సంగతి చూడండి. కోర్సు జరిగినన్నాళ్లూ జనరల్ షిఫ్టు గానీ ఏ షిఫ్టు గానీ ఇస్తామని మేనేజర్ సంతకంతో ఉత్తరం కావాలి. ఈ కోర్సులో చేరడానికి అనుభవ ధ్రువపత్రం ఎలాగూ అడుగుతారు కాబట్టి, రెండూ ఒకేసారి అడగండి. రాత్రి నడిచే సీ షిఫ్టు పడితే 9కి క్లాసు వదిలి 10కల్లా మడికొండ చేరవచ్చు గానీ, నిద్ర లేకుండా యంత్రాల దగ్గర నిలబడటం మంచిది కాదు. దాన్నీ మార్పించుకోండి.

మార్కుల నిబంధనలకూ డబ్బుకూ సంబంధం ఉంది. ప్రతి సబ్జెక్టుకు సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్స్ 40, చివర రాసే ఎక్స్‌టర్నల్ 60. పాస్ కావాలంటే ఇంటర్నల్స్‌లో 14, ఎక్స్‌టర్నల్‌లో 21 రావాలి. కానీ 14, 21 కలిపితే 35 మాత్రమే. మొత్తం మీద 40 ఉండాలి. రెండు చోట్లా బొటాబొటిగా గట్టెక్కానని ధీమాగా ఉన్నవాళ్లకు ఎఫ్ (ఫెయిల్) గ్రేడ్ వచ్చేది ఇక్కడే. డ్యూటీ వల్ల ఇంటర్నల్స్ మార్కులు తెచ్చే మిడ్ పరీక్షలు వదిలేయాలనిపిస్తుంది. వదలకండి. ఇంటర్నల్స్‌లో 30 చేతిలో ఉంటే ఎక్స్‌టర్నల్‌లో 21తో సబ్జెక్టు బయటపడుతుంది.

దీనికంటే ఎక్కువ నష్టం చేసేది సీ గ్రేడ్. 40 నుంచి 49 మార్కులకు సీ, దానికి 5 పాయింట్లు. బీ ప్లస్‌కు 7. ఒకసారి పాసైన సబ్జెక్టును గ్రేడ్ పెంచుకోవడానికి మళ్లీ రాయనివ్వరు. సెమిస్టర్‌కు 20 క్రెడిట్లనుకోండి (క్రెడిట్ అంటే సగటులో ఆ సబ్జెక్టుకుండే బరువు). అన్నిటిలో బీ ప్లస్ తెచ్చుకుని, మూడేసి క్రెడిట్ల సబ్జెక్టులు రెండింటిలో సీతో సరిపెట్టుకుంటే, 14 క్రెడిట్లకు 7 చొప్పున 98, 6 క్రెడిట్లకు 5 చొప్పున 30, మొత్తం 128. దాన్ని 20తో భాగిస్తే 6.4. జేఎన్టీయూహెచ్‌లో శాతం కావాలంటే సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల పాయింట్ల సగటు) లోంచి 0.5 తీసేసి పదితో గుణిస్తారు. అంటే 6.4కు 59 శాతం. చాలా కంపెనీలు అడిగే 60 శాతం 6.5 దగ్గర వస్తుంది, 6.0 దగ్గర కాదు. ప్రతి సెమిస్టర్ ఇలాగే గడిస్తే మూడేళ్లు, మూడు లక్షల డెబ్బై వేలు పెట్టి, ఒక్క శాతం తేడాతో దరఖాస్తు చేసుకోలేని డిగ్రీ మిగులుతుంది. టైము తక్కువున్న మీలాంటివాళ్లు ఎక్కువ క్రెడిట్ల సబ్జెక్టు మీద ముందు కూర్చోవాలి. నాలుగు క్రెడిట్ల సబ్జెక్టులో బీ నుంచి ఏకి వెళ్తే ఆ సెమిస్టర్ సగటు 0.4 పెరుగుతుంది. ఒక క్రెడిట్ ల్యాబ్‌లో ఏ నుంచి ఏ ప్లస్‌కు వెళ్తే 0.05 మాత్రమే. సప్లీలు (ఫెయిలై మళ్లీ రాయాల్సిన సబ్జెక్టులు) మిగిలినా, పై సంవత్సరానికి వెళ్లాలంటే అప్పటిదాకా ఉన్న క్రెడిట్లలో 60 శాతం రావాలి. మీ మొదటి ఏడాది 40లో 24 అన్నమాట. కోర్సు మొత్తానికి గడువు ఆరేళ్లు.

చిట్టీ ఇప్పుడు ఎత్తవద్దు. కాలేజీ మూడేళ్ల ఫీజు ఒకేసారి అడగడం లేదు. ఈ ఏడాదికి కావలసింది 60,000. దానికోసం 50,000 పాటలో వదులుకుంటారా? ఫీజును సెమిస్టర్‌కు 30,000 చొప్పున తీసుకోమని కాలేజీ ఆఫీసులో అడగండి. మొదటి 30,000 డిపాజిట్‌లోంచి కట్టండి. మిగిలిన 50,000 మూడు నెలల ఇంటి ఖర్చుకు పైనే వస్తుంది, దాన్ని ముట్టుకోకండి. జీతం పడిన రోజే 5,000 వేరే సేవింగ్స్ ఖాతాకు వెళ్లేలా పెట్టుకుంటే ఆరు నెలలకు 30,000 సిద్ధంగా ఉంటుంది. దీనికి పోస్టాఫీసు ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) పనికిరాదు. అది ఐదేళ్లది, మూడేళ్ల దాకా మూయనివ్వరు. ఓటీ లేని జీతంలో ఇంటికి 14,000, చిట్టీకి 5,000, ఫీజు ఖాతాకు 5,000, పెట్రోలుకు 1,350 పోగా 2,650 మిగులుతుంది. అందులో 700 పరీక్ష ఫీజులకు, మిగతాది సప్లీలకు, చిన్న అవసరాలకు. చిట్టీ 38వ నెలకు చేరేసరికి పోటీ ఉండదు, తగ్గేది దాదాపు కమీషన్ మాత్రమే. చట్టం ప్రకారం అది 7 శాతం మించకూడదు కాబట్టి 2 లక్షలకు 14,000. రిజిస్టరైన చిట్టీయేనా అన్నది మాత్రం పాస్‌బుక్ చూసి నిర్ధారించుకోండి.

మధ్యలో డబ్బు తక్కువైతే తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల మిత్తికి వెళ్లకండి. 60,000కు ఏడాదికి 14,400 కట్టాలి. అంతకంటే డిపాజిట్ మీద బ్యాంకు ఇచ్చే అప్పు నయం. విద్యారుణం తీసుకుంటే దాని వడ్డీ మీద పన్ను తగ్గుతుందని ఎవరైనా చెబితే, అది పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది. ఓటీ కలిపినా ఏడాదికి 4 లక్షలు దాటని మీకు పన్నే లేదు కనుక ఆ లాభం మీకు రాదు. మీ సొంత ఫీజును పన్ను మినహాయింపుకు చూపించడానికీ వీల్లేదు, అది పిల్లల ఫీజులకే. ప్రభుత్వం ఈపాస్ ద్వారా ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదా ఆశ పెట్టుకోకండి. పట్టణంలో ఉండే బీసీ కుటుంబానికి ఆదాయ పరిమితి 2 లక్షలు. మీ జీతమే ఏడాదికి 3,36,000.

షిఫ్టు ఉత్తరం, హెచ్ఆర్ కాగితం, ఏఐసీటీఈ అనుమతి మూడూ చేతికొచ్చాకే మొదటి 30,000 కట్టండి. షిఫ్టు ఉత్తరం ఇవ్వకపోతే ఈ ఏడాది చేరకండి. చిట్టీ నడుస్తూనే ఉంటుంది, ఓటీ వస్తూనే ఉంటుంది, వచ్చే ఏడాదికి ఫీజు ఖాతాలో 60,000 ముందే ఉంటుంది.