గార్బేజ్ డిస్పోజర్ కారుతుంటే బాగుచేయించాలా, మార్చాలా?

బెంగళూరులోని మీ ఫ్లాట్‌లో 9 ఏళ్లుగా వాడుతున్న గార్బేజ్ డిస్పోజర్ (సింకు కింద బిగించి, ఆహార వ్యర్థాలను నలిపి డ్రెయిన్‌లోకి పంపే యంత్రం) కింద నీరు చేరుతోందనీ, బాగుచేయించాలో కొత్తది కొనాలో తేలడం లేదనీ అడిగారు. నీరు ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూడాలి. ప్లగ్గు పీకేసి, యంత్రాన్ని పైనుంచి కిందిదాకా పొడిగుడ్డతో తుడిచి, సింకు రంధ్రానికి మూత పెట్టి, చిటికెడు పసుపు కలిపిన నీళ్లు నింపి, టార్చి వెలుతురులో ఒక్కో అతుకు దగ్గరా తెల్లని టిష్యూ కాగితం అద్ది చూడండి.

సింకుకు ఆనుకున్న అంచు దగ్గర కాగితం పచ్చబడితే అక్కడి పుట్టీ (నీరు కారకుండా అతుకులో పెట్టే మెత్తటి ముద్ద) పాడయినట్టే. విప్పి కొత్త పుట్టీతో బిగిస్తే సరిపోతుంది. మూత తీసి నీళ్లు వదిలినప్పుడు పక్కనున్న డ్రెయిన్ పైపు దగ్గర తడి కనిపిస్తే, మరలు బిగించడమో రబ్బరు వాషరు మార్చడమో చాలు.

అడుగున, రీసెట్ బటన్ చుట్టూ బొట్లు కడుతుంటే మాత్రం లోపలి సీలు పోయి నీరు మోటారులోకి దిగుతోందన్నమాట. దాన్ని ఇక ఆన్ చేయకండి. షాకు కొట్టే ప్రమాదం ఉంది. ఎంసీల్ పూసి సరిపెడతానని ప్లంబరు అన్నా ఒప్పుకోకండి. ఆ సీలు మార్చాలంటే యంత్రం మొత్తం విప్పాలి, ఇన్నేళ్లు నడిచినదానికి అంత కూలి పెట్టడం దండగని నా అభిప్రాయం, కొత్తదే తీసుకోండి.